కట్టె కాని కట్టెపెట్టె

ఫోనులో ఫొటో పెద్దది చేసి చేతికిచ్చాను. మామ కళ్లద్దాలు తీసి తువ్వాలతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పెట్టె మొత్తాన్ని చూడలేదు. వేలితో ఫొటోను జరుపుకుంటూ పోయి ఒక మూల దగ్గర ఆగాడు.

“ఇది కట్టె గాదు అల్లుడా. మీదికెల్లి కట్టె బొమ్మ అంటిచ్చిన్రు. కట్టె అయితే మూల కాడ అడ్డకోత కనబడాలె. ఇక్కడ యాడుంది?”

ఆయన వడ్రంగి దుకాణం బోధన్‌లో, షక్కర్‌నగర్‌కు దగ్గర్లో. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చాక దాని చుట్టూ అల్లుకున్న బస్తీ షక్కర్‌నగర్. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. అంతకుముందు ఎన్నో ఏళ్లపాటు ఆ క్వార్టర్ల తలుపులకూ కిటికీలకూ మూలలు బిగించిన చేతుల్లో మామవి కూడా ఉన్నాయి. టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో తలుపులూ తాళమూ ఉన్న టీవీ పెట్టెలు చేయడంలో ఆయనకు పేరు. హైదరాబాద్ ఈసీఐఎల్ వాళ్ల ఈసీ టీవీ కొన్నవాళ్లు బండి దిగకముందే ఈయనకు కొలతలు చెప్పి వెళ్లేవాళ్లు. అందుకే ఈ ఫొటో మొదట ఆయనకే చూపించాలనిపించింది. ఇదీ టీవీ పక్కన కూర్చోవడానికి పుట్టిన పెట్టే.

దీన్ని బ్రౌన్ బాక్స్ అంటారు. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం నాషువా ఊళ్లో సాండర్స్ అసోసియేట్స్ అనే కంపెనీ ఉండేది. సైన్యానికి ఎలక్ట్రానిక్ పరికరాలు చేయడం వాళ్ల వృత్తి. అక్కడ 1968లో చేతితో కట్టిన ఏడో నమూనా ఇది. ఇంటి టీవీకి తగిలించి ఒకటికి పది ఆటలు ఆడుకునే యంత్రాల వరసలో మొట్టమొదట నిలిచేది ఇదే. ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియంలో ఉంది. సొంతంగా గేమింగ్ పెట్టె కట్టుకుని, దానికి సొంత చేత్తో కట్టె కవచం చేసుకునే పిల్లలు ఇవాళ ఎక్కడెక్కడో ఉన్నారు. వాళ్లందరికీ ఇది పెద్దన్న. చరిత్రలో దాని స్థానం గురించి చాలామంది రాశారు. నాకు కావలసింది దాని పనితనం. ఆ పెట్టెను కట్టిన చేతులు ఎక్కడెక్కడ ఆగి ఆలోచించాయో చూడాలని.

కట్టినవాళ్లలో ముఖ్యుడు రాల్ఫ్ బేర్. 1922లో జర్మనీలో పుట్టిన యూదు పిల్లవాడు. 1938లో కుటుంబంతో సహా నాజీల నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరాడు. ఫ్యాక్టరీలో పనిచేస్తూనే పోస్టులో పాఠాలు తెప్పించుకుని రేడియో రిపేరు నేర్చాడు. తర్వాత యుద్ధానికి వెళ్లాడు, తిరిగొచ్చాక 1949లో షికాగోలో టెలివిజన్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. పట్టాకన్నా ముందు వచ్చిన ఆ రేడియో మెకానిక్ బుద్ధే బ్రౌన్ బాక్స్‌లో ఎక్కువగా కనిపిస్తుందని నా నమ్మకం. నిజామాబాద్ గాంధీచౌక్ చుట్టుపక్కల సందుల్లో రేడియో రిపేరు దుకాణాలున్న కాలం చూసినవాళ్లకు ఆ బుద్ధి తెలుసు. మెకానిక్ ముందుగా అడిగేది ఏం కొనాలని కాదు, ఉన్నదాంట్లో ఏది పనికొస్తుందని. బేర్ ముందు కూడా అదే ప్రశ్న. అమెరికాలో కోట్ల ఇళ్లలో టీవీలున్నాయి. వాటిలో కార్యక్రమాలు చూడటం తప్ప చేయగలిగింది ఇంకేమీ లేదా? 1951లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉండగానే ఆయన ఈ మాట ఎత్తాడు, పైవాళ్లు వినలేదు. 1966 ఆగస్టు చివర్లో న్యూయార్క్‌లో ఒక బస్ స్టేషన్ దగ్గర స్నేహితుడి కోసం ఎదురుచూస్తూ మళ్లీ అదే ఆలోచనను కాగితం మీద పెట్టాడు. మర్నాడు, సెప్టెంబరు 1న, దాన్ని నాలుగు పేజీలుగా సాఫు చేశాడు. టీవీకి ఆట పెట్టె తగిలిస్తే ఖాళీగా ఉన్న ఛానెల్‌లో ఆట కనపడాలి. ఆ నాలుగు పేజీల సారం అంతే.

ఇక పెట్టె లోపలికి వెళ్దాం. నన్ను ఎక్కువగా కట్టిపడేసింది అక్కడే.

ఇందులో కంప్యూటర్ లేదు. ఇంటెల్ వాళ్ల మొదటి మైక్రోప్రాసెసర్ 1971లో గానీ రాలేదు. జ్ఞాపకం ఉంచుకునే చిప్పు లేదు. బొమ్మను దాచుకునే చోటే లేదు. ఉన్నవి విడివిడి ట్రాన్సిస్టర్లు, డయోడ్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు. అన్నీ ఏ రేడియో మెకానిక్ డబ్బాలోనైనా దొరికే సరుకే. మరి తెర మీద ఫలానా చోట చుక్క వెలగాలని ఎవరు చెప్పాలి?

నిజామాబాద్‌లో బోధన్ బండి బయల్దేరిందనుకోండి. అది ఎప్పుడూ ఒకే వేగంతో పోతుందనీ అనుకోండి. గార్డు ఈల వేసిన దగ్గరనుంచి గడియారం చూసుకుంటే చాలు, కిటికీలోంచి బయటికి తొంగిచూడక్కర్లేదు. ఇంతసేపైతే జానకంపేట, ఇంకాస్త ఆగితే ఎడపల్లి, ఆ తర్వాత షక్కర్‌నగర్, ఆ తర్వాత బోధన్. ఎంతసేపు ఆగామన్నదే ఎక్కడున్నామో చెప్పేస్తుంది. పాత టీవీలో ఎలక్ట్రాన్ కిరణం సరిగ్గా అలాంటి బండి. అమెరికా టీవీలో 525 గీతలు. కిరణం ఒక్కో గీతను ఎడమనుంచి కుడికి గీసి, మళ్లీ వెనక్కి వచ్చి, కింది గీత మొదలుపెట్టడానికి దాదాపు 63.5 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రతి గీతకు ముందు ఒక ఈల, తెర పైనుంచి మళ్లీ మొదలయ్యే ప్రతిసారీ మరో ఈల. ఇంగ్లీషు వాళ్లు వాటిని సింక్ పల్స్ అంటారు.

బ్రౌన్ బాక్స్ చేసిందల్లా ఆ ఈలలు తానే వేసి, వాటి తర్వాత కాసేపు ఆగడం. గీత ఈల పడ్డాక ఇంతసేపు ఆగి క్షణకాలం వెలుగు పంపితే, ప్రతి గీతలోనూ అదే చోట వెలిగి తెర మీద నిలువు పట్టీ పడుతుంది. తెర ఈల పడ్డాక ఇంతసేపు ఆగి వెలుగు పంపితే అడ్డపట్టీ. ఆ రెంటినీ డయోడ్లతో చేసిన ఒక గుమ్మంలోంచి పోనిస్తారు. రెండూ ఒకేసారి వస్తేనే ఆ గుమ్మం తెరుచుకుంటుంది. అప్పుడు పడుగూ పేకా కలిసిన గడి ఒక్కటే తెర మీద మిగులుతుంది. ఆ తెల్లటి చతురస్రమే ఆటగాడు. చేతిలోని గుండీ తిప్పితే ఒక రెసిస్టెన్స్ మారుతుంది, దాంతో ఆగే సమయం మారుతుంది, దాంతో చుక్క జరుగుతుంది. బొమ్మ ఎక్కడా నిలవ ఉండదు. క్షణక్షణం కొత్తగా పుట్టి పోతుంటుంది.

బంతి ఎలా కదులుతుందో చూస్తే ఈ పనితనం ఇంకా ముద్దొస్తుంది. బంతికి గుండీ లేదు. దాని ఆలస్యాన్ని ఒక కెపాసిటర్ నిర్ణయిస్తుంది. కెపాసిటర్ నిండుతున్నకొద్దీ ఆలస్యం పెరిగి బంతి ఒకవైపు సాగుతుంది, ఖాళీ అవుతున్నకొద్దీ వెనక్కి వస్తుంది. మరి బ్యాటుకు తగిలిందని ఎలా తెలియాలి? బంతి వెలుగూ ఆటగాడి వెలుగూ ఒకే క్షణంలో పుడితే రెండూ తెర మీద ఒకే చోట ఉన్నట్టే. ఆ క్షణాన్ని పట్టుకునే మరో గుమ్మం ఉంటుంది. అది తెరుచుకోగానే కెపాసిటర్ నిండటం ఆగి ఖాళీ కావడం మొదలవుతుంది. బంతి తిరుగుముఖం పడుతుంది. నాలుగు వీసాల సరుకుతో గోడా, బంతీ, తాకిడీ అన్నీ పుట్టించారు. ఇంత పొదుపుగా కట్టిన యంత్రం చూసినప్పుడు, చేనేత మగ్గం ముందు నిలబడినప్పుడు కలిగే గౌరవమే కలుగుతుంది నాకు.

ఇదంతా ఒక్కడి పని కాదు. 1966 డిసెంబరులో వచ్చిన మొదటి నమూనాలో వాక్యూమ్ ట్యూబులుండేవి. అది తెర మీద ఒక గీతను మాత్రమే జరిపేది. 1967 మొదట్లో బిల్ హారిసన్ అనే టెక్నీషియన్ చేరాడు. కంపెనీ పరిశోధన విభాగం పెద్ద హెర్బర్ట్ కాంప్‌మన్ చేతినుంచి వచ్చిన డబ్బు: కూలికి 2000 డాలర్లు, సామానుకు 500 డాలర్లు. టంకం వేసి, పరీక్షించి, తీసేసి మళ్లీ వేసినవాడు హారిసన్. బొమ్మ తుపాకీ ఒకటి కొనుక్కొచ్చి, అందులో వెలుగును పసిగట్టే కన్ను పెట్టి, తెర మీది చుక్కను కాల్చే ఆట తయారుచేశారు. ఆ ఏడాది రెండో సగంలో బిల్ రష్ అనే ఇంజనీరు వచ్చాకే మూడో చుక్క, అంటే యంత్రమే నడిపే బంతి అన్న ఆలోచన వచ్చింది. నవంబరుకల్లా పింగ్‌పాంగ్ ఆడుతున్నారు. ఏడు నమూనాలు కట్టారంటే ఆరు సార్లు తాము కట్టినదాన్ని తామే కాదనుకున్నారన్నమాట. వీడియో గేమ్ చరిత్రలో టెక్నీషియన్ పేరు వెనక్కి పోవడం మామూలు. ఇక్కడ మాత్రం ముఖ్యమైన పేటెంట్లలో ఒకదాని మీద బేర్, రష్, హారిసన్ ముగ్గురి పేర్లూ ఉన్నాయి. హారిసన్ లాంటి చెయ్యి లేకపోతే ఆ నాలుగు పేజీలు నాలుగు పేజీలుగానే ఉండిపోయేవి.

ఇప్పుడు పైకవచం సంగతి. మామ కనిపెట్టింది నిజమే. బయట కనిపించే గోధుమరంగు కట్టె, కట్టె గీతలు అచ్చువేసిన వినైల్ షీటు. వెనక జిగురుంటుంది, కాగితం ఒలిచి అంటించుకోవడమే. మన ఇళ్లలో ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించి టేకులా కనిపించేట్టు చేసే పని లాంటిదే. ఆడేవాళ్లు పట్టుకుని తిప్పే ఆటచేతుల డబ్బాలకూ అదే తొడుగు. అసలు కట్టె వాడకుండా ఇలా చేయడాన్ని తక్కువగా చూసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ పెట్టె ఎవరి ముందు కూర్చోవలసి వచ్చిందో గుర్తుచేసుకోవాలి. సాండర్స్ కంపెనీ టీవీలు అమ్మదు. ఈ ఆటను కొనుక్కుని తయారుచేసే టీవీ కంపెనీ కావాలి. ఆర్‌సీఏ, జెనిత్, సిల్వేనియా, జనరల్ ఎలక్ట్రిక్, మోటరోలా, మాగ్నవాక్స్ మనుషులకు దీన్ని చూపించాలి. బూడిదరంగు లోహపు డబ్బా ముందు పెడితే వాళ్లకు కనిపించేది ప్రయోగశాల పరికరం. కట్టె గీతల పెట్టె పెడితే అది ఆ రోజుల టీవీ క్యాబినెట్ పక్కన ఇంటి సామానులా ఒదిగిపోతుంది. సోఫా ముందు కూర్చున్న తల్లీ బిడ్డా కళ్లముందు మెదులుతారు. చేతివాటం ఉన్నవాడు వస్తువును కట్టేటప్పుడే అది ఏ గదిలో, ఎవరి పక్కన ఉండబోతోందో ఆలోచిస్తాడు. వినైల్ షీటు అంటించడం ఆ ఆలోచనే.

దానికన్నా నాకు ముందు పలక మీది స్విచ్చులు ఎక్కువ నచ్చాయి. 16 స్విచ్చులు. ఏ చుక్క కనిపించాలి, గోడ ఉండాలా వద్దా, బంతి కావాలా అన్నవన్నీ ఆ స్విచ్చులే తేలుస్తాయి. కొన్ని పైకి కొన్ని కిందికి వేస్తే పింగ్‌పాంగ్, మరోలా వేస్తే చెకర్స్, ఇంకోలా వేస్తే గురిచూసి కాల్చే ఆట. చిక్కేమిటంటే, ఆడేవాడికి ఆ 16 ఎలా గుర్తుంటాయి? వాళ్లు ఆటకొక కార్డు చేశారు. ఆ ఆటకు ఏ స్విచ్చు ఎటుండాలో కార్డు మీద ఉంటుంది. కార్డు చూసుకుంటూ స్విచ్చులు వేసుకోవడమే. ఎలక్ట్రానిక్స్ తెలియని మనిషికి కూడా యంత్రం లోపలి తీగల్ని మార్చే అధికారం ఆ అట్టముక్క ఇచ్చింది. ప్రోగ్రాం అన్న మాటను నేను కాలేజీలో పుస్తకాల్లో చదివాను. అది ఇంత చేతికందేలా ఉండగలదని మాత్రం ఈ కార్డులు చూశాకే అర్థమైంది.

ఆటచేతికి మూడు గుండీలు. ఒకటి చుక్కను నిలువుగా జరపడానికి, ఒకటి అడ్డంగా, మూడోది కొట్టిన తర్వాత బంతి దారిని పైకో కిందికో ఒంచడానికి. టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్లు మణికట్టుతో చేసే పనిని ఒక గుండీలోకి తెచ్చారు. గోల్ఫ్ ఆటకైతే వేరే పరికరమే చేశారు. జాయ్‌స్టిక్ కర్ర చివర నిజమైన గోల్ఫ్ బంతిని బిగించారు. దాన్ని కింద పెట్టి నిజమైన గోల్ఫ్ కర్రతో కొడితే తెర మీది బంతి పోతుంది. సున్నితమైన తీగలున్న పరికరం మీద మనిషి కర్ర ఎత్తి కొట్టేందుకు తగ్గట్టు కట్టారంటే, తమ బిగింపుల మీద వాళ్లకు ఎంత ధీమా ఉండాలి!

అమ్మకానికి వచ్చేసరికి ఈ పెట్టెలో కొంత పోయింది. మాగ్నవాక్స్ కంపెనీ 1972లో దీన్ని ఒడిస్సీ పేరుతో వంద డాలర్ల లోపు ధరకు తెచ్చింది. ఖర్చు తగ్గించడానికి రంగుల సర్క్యూట్లు తీసేశారు. రంగు కావాలంటే తెర మీద అంటించుకునే బొమ్మల పలచని షీట్లు ఇచ్చారు. స్విచ్చుల బదులు దూర్చుకునే కార్డులు వచ్చాయి. ఆ కార్డుల్లో పార్టులేమీ లేవు, తీగల కలయికలు మాత్రమే ఉంటాయి. అది తెలివైన మార్పే. కానీ 16 స్విచ్చుల ముందు పలక పోవడం నాకు బాధే. ఏ స్విచ్చు ఏం చేస్తుందో వేసి చూసుకునే వీలు దానితోనే పోయింది.

ఇరవై పాతికేళ్ల తర్వాత ఆ వారసత్వం మా షక్కర్‌నగర్ క్వార్టర్లకూ చేరింది. మాకు అది కాసెట్టు దూర్చే వీడియో గేమ్. టీవీ వెనక బల్లపరుపు యాంటెనా వైరు పీకేసి, ఆ చోట గేమ్ వైరు తగిలించి, ఖాళీ ఛానెల్ కోసం గుండీ తిప్పుతూ, పొడిపొడి చుక్కల్లోంచి మారియో బయటపడేదాకా ఊపిరి బిగబట్టుకునేవాళ్లం. ఖాళీ ఛానెల్‌లో ఆట కనపడాలని 1966లో ఒక మనిషి నాలుగు పేజీల్లో రాసుకున్న సంగతి మా ఎవరికీ తెలియదు. గంటకింత అని లెక్కపెట్టి ఆడుకున్నాం. పెట్టె విప్పి చూద్దామని అనుకోలేదు. అది ప్లాస్టిక్, మూత పగిలితే అతకదు.

విప్పి చూడాలనుకునేవాళ్లు మాత్రం మళ్లీ చేత్తో కడుతూనే ఉన్నారు. వాళ్లు కట్టుకునే గేమ్ పెట్టెల్లో నాకు బాగా ఇష్టమైనది ఉజ్‌బాక్స్. కెనడాకు చెందిన అలెక్ బూర్క్ 2008లో దీన్ని బయటపెట్టి, సర్క్యూట్ బొమ్మలూ ప్రోగ్రాములూ అన్నీ ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. ముఖ్యమైన చిప్పులు రెండే. ఒకటి ఏటీమెగా 644 అనే చిన్న మైక్రోకంట్రోలర్. దానిలో రాసుకోవడానికి 64 కిలోబైట్లు, ఆడుతున్నప్పటి జ్ఞాపకానికి 4 కిలోబైట్లు. రెండోది ఏడీ 725, రంగుల్ని టీవీ సంకేతంగా మార్చేది. అంత చిన్న చిప్పుకు ఒక తెర బొమ్మను నిలవ చేసుకునే చోటు లేదు. అందుకని అది బేర్ దారే పట్టింది. కిరణం గీత గీస్తుండగానే రంగును అక్కడికక్కడ పుట్టిస్తుంది. చిప్పును దాని హద్దు దాటించి సెకనుకు 2.86 కోట్ల టిక్కుల వేగంతో నడుపుతారు. ఒక గీతకు సరిగ్గా 1820 టిక్కులు. ప్రోగ్రాం రాసేవాడు ఆ లెక్కలో ఒక్క టిక్కు తప్పినా గీత పక్కకు ఒరుగుతుంది. డయోడ్ల గుమ్మం చేసిన పనిని ఇక్కడ మనిషి కూర్చుని టిక్కు టిక్కుగా లెక్కపెట్టి చేశాడు. మన బండి ఇక్కడా అదే, ఈల పడ్డాక ఎంతసేపు ఆగాలన్నదీ అదే. పార్టులన్నీ చిన్నవి, అరచేతంత బోర్డులో సరిపోతాయి. టంకం కర్ర పట్టడం వచ్చిన ఇంటర్ పిల్లవాడు కట్టగలడు.

ఇలాంటి బోర్డుకు బోధన్‌లో కవచం కట్టాలంటే ఏ కట్టె? నా మనసులో మొదట మెదిలింది పొనికి. ఆర్మూర్ దాటి, గోదావరి దాటితే నిర్మల్. అక్కడి బొమ్మల కట్టె అది. తేలిక, మెత్తన, ఉలికి ఎదురు చెప్పదు. ముక్కల్ని చింతగింజల జిగురుతో అతికి, అతుకు కనపడకుండా రంగు వేస్తారు. ఆటబొమ్మలు చేసే కట్టెతోనే ఆటపెట్టె చేస్తే ఎంత బాగుంటుందని మామతో అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “పొనికిల మర నిలవదు. రెండుసార్లు ఇప్పి బిగిస్తే బెజ్జం పెద్దగైతది. పిల్లగాడు ఊకె ఇప్పి చూస్తడు గదా?” అని దుకాణం మూలన పడి ఉన్న టేకు ముక్కలవైపు చెయ్యి చూపించాడు. నాలుగు పక్కలకూ టేకు పెట్టాలన్నాడు. మూలల్లో పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి ఇమడ్చాలన్నాడు. పైమూతకు పొనికి పెట్టుకుంటే పెట్టుకోమన్నాడు, దానికి మర అక్కర్లేకుండా గాడిలో జారేట్టు చేయవచ్చట. పాత టీవీ పెట్టె షట్టరు జారినట్టు. అడుగున గాలి పోవడానికి సందు. వైరు వచ్చే బెజ్జానికి లోపలివైపు అంచు గుండ్రంగా రుద్దాలి, లేకపోతే లాగినప్పుడల్లా వైరు తోలు గీసుకుపోతుంది. బోర్డు ఏం చేస్తుందో ఆయన ఒక్కసారీ అడగలేదు. దాన్ని ఎవరు విప్పుతారు, ఎటునుంచి లాగుతారు, ఎక్కడ పట్టుకుని ఎత్తుతారు, ఇవే అడిగాడు.

రాల్ఫ్ బేర్ 2014 డిసెంబరులో, 92 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2006లోనే అసలు నమూనాలను స్మిత్సోనియన్‌కు ఇచ్చేశాడు. ఆ తర్వాత ఇంటి నేలమాళిగలోని ఆయన పనిగదే మ్యూజియానికి చేరింది. బల్ల, పరికరాలు, పార్టుల సొరుగులతో సహా 2015 నుంచి జనం చూస్తున్నారు. ముసలితనంలో కూడా మ్యూజియంల కోసం బ్రౌన్ బాక్స్ నకళ్లు తన చేత్తో కట్టాడు. అప్పటికి చేయి ఎంత వణికిందో గానీ స్విచ్చుల వరస మాత్రం వరసగానే ఉండి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

మామ ఫోను తిరిగి ఇచ్చేముందు మరోసారి ఆ స్విచ్చుల దగ్గరికి వెళ్లాడు. లెక్కపెట్టాడు. చెవి మీది పెన్సిలు తీసి, ఒక ప్లైవుడ్ ముక్క మీద 16 చుక్కలు పెట్టాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక చుక్క మీద పెట్టి చూసి, పక్క చుక్క వేలికి తగులుతోందని రెండు చుక్కలు చెరిపి, కొంచెం ఎడంగా మళ్లీ పెట్టాడు.